విప్పి పక్కన పెట్టిన క్లిప్పు

కెమిస్ట్రీ విభాగంలో పట్టకారు అంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచి చూడండి, అతనే వెనక్కి తిరగడు. మనిషి సన్నం, పొడుగు, కాళ్లు ఎడంగా వేసి నడుస్తాడు. పైగా ఏ పని పట్టుకున్నా అది పూర్తయ్యేదాకా వదలడు. ఎప్పుడో ఒక రీసెర్చి విద్యార్థి ఈ రెండూ కలిపి సరదాకి పెట్టిన పేరు ముప్పై ఏళ్లుగా అతుక్కుపోయింది. ల్యాబ్ అటెండరుగా చేరాడు, ల్యాబ్ అటెండరుగానే ఉన్నాడు. ఈలోగా అతని కళ్లముందు చదువుకున్నవాళ్లు ప్రొఫెసర్లయ్యారు, వాళ్ల శిష్యులూ ప్రొఫెసర్లయ్యారు.

ఆ బిల్డింగు కట్టి అరవై ఏళ్లు. ఏ కుళాయి ఎడమకి తిప్పితే నీళ్లొస్తాయో, ఏ ప్లగ్గు ముట్టుకుంటే చురుక్కుమంటుందో, ఏ సింకులో పోసింది కింది అంతస్తులో ఎవరి నెత్తిన కారుతుందో రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు. గోడల్లో పోయే గొట్టాల ప్లాను ఎప్పుడో చెదలు తినేశాయి. ఉన్న ప్లానల్లా పట్టకారు బుర్రే. కాబట్టి పాత పరిశోధన ల్యాబులన్నీ ఊడబెరికి కొత్తగా కట్టడానికి మంజూరు వచ్చినప్పుడు, కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు వెంట తిరిగి అన్నీ చూపించే పని అతనికే పడింది.

విభాగమంతా సంబరపడింది. పట్టకారు ముఖం మాత్రం ఆ రోజునుంచీ వాడిపోయింది. పాత సామాను మీద మమకారం కాబోలనుకున్నారు అందరూ. నీ బీకర్లు నీ ఇంటికే పంపిస్తాంలే, దిగులు పడకు అని ఆటపట్టించారు. బీకర్లట, బీకర్లు! అతని ప్రాణమంతా రెండో అంతస్తు చివరి ల్యాబులో, ఫాల్స్ సీలింగు పలకల పైన ఉందని వాళ్లకేం తెలుసు?

ఆ ల్యాబులో ఒక హుడ్డు ఉంది. హుడ్డంటే మరేం కాదు, ముందు గాజు తలుపున్న పెద్ద అల్మరా. ముక్కు మండించే ఆవిర్లు వచ్చే ప్రయోగాలు అందులో చేస్తారు. దాని నెత్తిన ఒక ఫ్యాను ఉంటుంది. అది ఆవిర్లను లాగి గొట్టంలోకి తోస్తుంది. గొట్టం సీలింగు పైనుంచి పోయి డాబా మీద తేలుతుంది. ఆ పాడుగాలి ఎవరి ముక్కుకీ తగలకుండా ఆకాశంలో కలిసిపోవాలి, అంతే.

పందొమ్మిదేళ్ల కిందట ఒక వానాకాలం, డాబా మీద గొట్టం నోటికి పెట్టిన రేకు టోపీ ఎగిరిపోయి వాన నీళ్లు నేరుగా హుడ్డులోకి కారాయి. అప్పటి ప్రొఫెసరు, అందరూ పెద్దాయన అనేవారు, నాలుగు నెలలుగా చేస్తున్న ప్రయోగం నీళ్లపాలైంది. విద్యార్థులందరి ముందూ ఆయన పట్టకారును పట్టుకుని ఉతికేశారు. నువ్వుండీ ఒకటే, లేకపోయినా ఒకటే అన్నారు. పట్టకారుకు తల కొట్టేసినట్టయింది. నిచ్చెన తెచ్చి పైకెక్కి, ఒక పలక పక్కకి జరిపి, ఫ్యానుకీ పై గొట్టానికీ మధ్య ఉన్న రబ్బరు తొడుగును బిగించిన క్లిప్పు విప్పాడు. తొడుగు లాగేసి, పై గొట్టం నోటికింద ఖాళీ రంగుడబ్బా పెట్టాడు. క్లిప్పు పోతుందేమోనని స్క్రూ దానికే బిగించి, సీలింగు చట్రం మీద జాగ్రత్తగా పెట్టాడు. కారడం ఆగింది. పెద్దాయన ముఖం చూడకుండానే సరే అన్నారు.

ఇక ఫ్యాను తోసే గాలంతా డాబా మీదికి పోకుండా సీలింగు పైన ఖాళీలోకే పోతుందని పట్టకారుకు తెలుసు. నాలుగు రోజులే కదా, కొత్త టోపీ రాగానే మళ్లీ కలిపేద్దామనుకున్నాడు. ఆ టోపీ రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వచ్చిన రోజు డాబా ఎక్కి బిగించాడు కూడా. కిందికి దిగుతుంటే గ్యాసు సిలిండర్లు వచ్చాయని ఎవరో కేకేశారు, అటు వెళ్లాడు. కారడం ఆగింది కాబట్టి ఇక ఎవరూ ఆ ఊసెత్తలేదు, అతనూ మరిచాడు.

ఇంతవరకూ మరుపే అనుకుందాం. మనిషన్నాక జరిగేదే. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం మరుపని పేరు పెట్టడానికి లేదు. పట్టకారు కూడా ఎప్పుడూ పెట్టుకోలేదు.

హుడ్డున్న గోడకి అవతల చిన్న గది. అందులో సీసాలక్క ఉండేది. ఆరు ల్యాబుల గాజు సామానంతా కడిగేది ఆవిడే. కడిగిన ప్రతి సీసానూ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, ఒక్క చుక్క మరక కనిపించినా మళ్లీ సింకులో వేసేది. ఎండిపోయిన జిగురుతో ఫ్లాస్కు పంపిన విద్యార్థి ఎంత పెద్ద ర్యాంకువాడైనా సరే, పిలిపించి ముందు నీ ముఖం కడుక్కో, తర్వాత నీ ఫ్లాస్కు కడుగుతాను అనేది. పట్టకారు కొత్తగా చేరిన రోజుల్లో తన అన్నం డబ్బాలో సగం పెట్టి తమ్ముడని పిలిచింది. అప్పటినుంచీ అక్కా తమ్ముళ్లే. ఆ రెండు గదుల మధ్య గోడ సీలింగు పలకలదాకానే ఉంది. పలకల పైన రెండు గదులకీ ఒకటే ఖాళీ.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం సీసాలక్క తడి చేతులతోనే వచ్చింది.

"తమ్ముడూ, నా గదిలో ఏదో వాసన వస్తోంది. గొంతు పట్టేస్తోంది. పైన ఏమైనా ఉందేమో కాస్త చూడవూ?"

పైన అనగానే పట్టకారుకు క్లిప్పు, తొడుగు, రంగుడబ్బా అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అదిగో, ఆ క్షణంలో అయ్యో అక్కా అని ఉంటే ఈ కథే లేదు. నోరు మాత్రం ఇంకోటి అంది.

"పైనేముంటుందక్కా? పొద్దస్తమానం యాసిడ్డుతో కడుగుతావు. అది నీ చేతులకి పట్టిన వాసనే."

సీసాలక్క తన చేతులు వాసన చూసుకుంది. అవునేమోలే అని వెళ్లిపోయింది. ఆ మర్నాటినుంచి అన్నం డబ్బా తెరిచే ముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. పట్టకారు అది చూస్తూనే ఉండేవాడు, చూసినప్పుడల్లా తన డబ్బాకి మళ్లీ మూత పెట్టేసేవాడు.

ఏం చేయలేదా అంటే, చేశాడు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక నిచ్చెనెక్కాడు. రబ్బరు తొడుగు గట్టిపడి బీటలువారి, పట్టుకుంటే ముక్క చేతికొచ్చింది. కొత్తది తెప్పించాలంటే ఇండెంటు, అంటే సామాను కావాలని ఆఫీసుకి ఇచ్చే కాగితం, రాయాలి. ఇండెంటులో కారణం అని ఒక గడి ఉంటుంది. పట్టకారు కలం పట్టుకుని ఆ గడి ముందు అరగంట కూర్చున్నాడు. పాడైందని రాస్తే ఎప్పటినుంచి అని అడుగుతారు. పెద్దాయన తన ఉద్యోగం ఊడగొడతారన్న భయం ఒకటి, పట్టకారు కూడా పని మధ్యలో వదిలేస్తాడన్నమాట అని నవ్వుకుంటారన్న సిగ్గు ఇంకొకటి. నిజం చెప్పాలంటే ఆ రెండోదే పెద్దది. కాగితం నలిపి జేబులో వేసుకుని ఇంటికెళ్లాడు.

బదులుగా ఒక మంచిపని చేశాడు. స్టోరులో పారేసిన ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి వెతికి, సొంతంగా బాగుచేసి, ఒక సెలవురోజు వచ్చి సీసాలక్క గది కిటికీకి బిగించాడు. వాసన ఏదైనా ఉంటే అది బయటికి లాగేస్తుందిలే అనుకున్నాడు. సీసాలక్క పొంగిపోయింది. ఆరు ల్యాబులకీ వెళ్లి, మా తమ్ముడు నాకోసం సెలవు మానుకుని ఫ్యాను పెట్టాడని చాటింపు వేసింది. పట్టకారు మనసు కూడా కొంత కుదుటపడింది. అయినా సరే, ఆ పొగడ్త విన్నప్పుడల్లా తల ఎత్తేవాడు కాదు, అందరూ దాన్ని వినయమనుకున్నారు.

ఏటా భద్రత కమిటీ వచ్చేది. హుడ్డు తలుపు కాస్త పైకెత్తి, సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకుంటే అది లోపలికి రెపరెపలాడాలి. అలా ఆడితే హుడ్డు లాగుతున్నట్టు. కాగితం ముక్కలు పట్టకారే కత్తిరించి సిద్ధంగా ఉంచేవాడు. ఫ్యాను గట్టిదే, కాగితం ప్రతి ఏడూ చక్కగా లోపలికి వంగేది, వాళ్లు బాగుందని సంతకం పెట్టేవారు. లాగిన గాలి ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేస్తానని పట్టకారు ప్రతి ఏడూ అనుకునేవాడు. అడగనందుకు ప్రతి ఏడూ ఊపిరి పీల్చుకునేవాడు.

సీసాలక్కకు దగ్గు మొదలైంది. మొదట చలికాలంలో, తర్వాత అన్ని కాలాల్లో. చివరి ఏళ్లలో ట్రే ఎత్తుకుని మెట్లెక్కాలంటే రెండుసార్లు ఆగేది. పట్టకారు ట్రేలు మోసిపెట్టేవాడు, దగ్గు మందు కొనిచ్చేవాడు. రెండేళ్ల కిందట ఆవిడ భర్త పోయాడు. పది నెలల కిందట ఆవిడ రిటైరైంది. ఆ తర్వాత పట్టకారు ఒక్కసారి కూడా ఆ ఇంటికి వెళ్లలేదు. ఫోను చేస్తే దగ్గు వినిపిస్తుంది కాబట్టి ఫోనూ తగ్గించాడు.

ఇప్పుడు ల్యాబులు విప్పుతున్నారు. సీలింగు తెరవడానికి ముందు ఆదివారం అతను నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు, తెలుసా? ఎవరూ లేనప్పుడు ఎక్కి, ఏదో ఒక తొడుగు వేసి, క్లిప్పు బిగించేద్దామని. పందొమ్మిదేళ్లు చేయని పని ఆ ఒక్కరోజు గుర్తొచ్చింది మహానుభావుడికి. కాంట్రాక్టరు మనుషులు అప్పటికే అడ్డు రేకులు కట్టి తాళం వేసేశారు. నిచ్చెన అక్కడే గోడకి చేర్చి తిరిగొచ్చాడు.

సోమవారం పలకలు దించారు. ఇంజనీరు ఒక అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, నెత్తిన హెల్మెట్, చేతిలో టార్చి. పట్టకారును బాబాయ్ గారూ అని పిలిచేది. నిచ్చెన మీద నిలబడి టార్చి వెలుగును ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పి చూసింది. తర్వాత అతన్ని కూడా ఎక్కమంది.

పైన ఇనప చట్రమంతా తుప్పు. అంతటా ఒకేలా లేదు. గొట్టం నోటి దగ్గర మొదలై, గోడ మీదుగా దాటి, సీసాలక్క గది వైపు ఒక దారిలా సాగింది. ఆ దారిలో మేకులు పొడి పొడిగా రాలుతున్నాయి. అవతలి గది పలకలు గోధుమరంగుకి తిరిగాయి. కిటికీ దగ్గరి పలకలైతే ముట్టుకుంటే చిట్లిపోతున్నాయి. ఇంజనీరమ్మాయి దిగి ఆ గదిలోకి వెళ్లి, కిటికీకి ఉన్న ఫ్యాను చూసి, తల పట్టుకుంది.

"ఇది పెట్టినవాళ్లెవరో గానీ బాబాయ్ గారూ, మంచి చేస్తున్నాననుకుని ఉంటారు. ఇది గదిలో గాలి బయటికి తోసేకొద్దీ ఆ లోటు పూడ్చడానికి పలకల సందుల్లోంచి పైగాలి గదిలోకి దిగుతుంది. అంటే పైనున్న విషమంతా ఇదే కిందికి లాగింది. ఇది లేకపోయి ఉంటే చాలావరకు పైనే ఉండేది."

పట్టకారు అక్కడ బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఆ ఒక్క ఫ్యాను చూసుకునే అతను కాస్త నిద్రపోయాడు. తప్పు ఒకటి చేశాను, దానికి విరుగుడూ చేశానులే అనుకున్నాడు. ఆ విరుగుడే ఆవిడ గొంతులో విషం పోసిందని ఇప్పుడు, తన కూతురి వయసు పిల్ల చెబితే తెలిసింది. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు.

ఈ గదిలో ఎవరు కూర్చునేవారని ఆ అమ్మాయి అడిగింది. సీసాలక్క అన్నాడు. ఆవిడ ఎలా ఉన్నారని అడిగింది. దగ్గు అన్నాడు.

మర్నాడు విభాగం హెడ్ మేడమ్ గదిలో రిపోర్టు తయారైంది. గొట్టం పాతబడి ఊడిపోయిందని రాశారు. ఇంజనీరమ్మాయి బల్ల మీద క్లిప్పు పెట్టింది. పాతబడి ఊడిపోతే క్లిప్పు విరగాలి గానీ, ఇది ఎవరో విప్పి, స్క్రూ దానికే బిగించి పక్కన పెట్టారని అంది. హెడ్ మేడమ్ చెడ్డమనిషి కాదు, పని ఆగిపోతుందని ఆవిడ భయం. పెద్దాయన పోయి ఎనిమిదేళ్లయింది, ఎప్పటిదో ఎవరిదో తవ్వుకుంటూ కూర్చుంటే కొత్త ల్యాబు ఎప్పటికి లేస్తుందని అన్నారు. ఈ విభాగంలో అందరికంటే పాతవాడివి నువ్వే, సాక్షిగా సంతకం పెట్టమని కాగితం పట్టకారు వైపు జరిపారు. ఇంజనీరమ్మాయి అతని వైపే చూస్తోంది. పట్టకారు సంతకం పెట్టాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు, అది తల్చుకుంటేనే అతనికి తర్వాత అసహ్యమేసింది.

బయటపడే భయం ఆ సంతకంతో పోయింది. భయం పోయాక మిగిలేదేమిటో అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ ఎవరైనా చూస్తారేమో, ఎవరైనా అడుగుతారేమో అని భయపడుతూ, అదే పశ్చాత్తాపమనుకున్నాడు. ఇప్పుడు చూసేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు, అయినా అన్నం ముందు కూర్చుంటే సబ్బుతో రెండుసార్లు కడుక్కునే చేతులే కనిపిస్తున్నాయి. భార్య నిలదీస్తే ఆవిడకి అంతా చెప్పాడు. ఆవిడ, ఇప్పుడు చెబితే ఆ మనిషి ఊపిరి తిరిగొస్తుందా, వదిలెయ్ అంది. వదిలేయాలని అతనికీ ఉంది. ఒక కాగితం మీద జరిగిందంతా తేదీలతో సహా రాసుకున్నాడు. రాసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు నెలలు తిరిగాడు. చొక్కా మారినప్పుడల్లా కాగితమూ మారేది.

కొత్త ల్యాబు తయారైంది. తెల్లటి గోడలు, చప్పుడు చేయని హుడ్లు, గాలి ఎంత పోతోందో అంకెల్లో చూపించే చిన్న తెరలు. ప్రారంభానికి ఎవరిని పిలుద్దామన్నప్పుడు హెడ్ మేడమ్‌కి ఒక మంచి ఆలోచన వచ్చింది. పెద్దపెద్దవాళ్లెందుకు, ముప్పై నాలుగేళ్లు ఇక్కడే సీసాలు కడిగిన మనిషి చేత తెరిపిద్దాం, రెండు మాటలు కూడా మాట్లాడిద్దాం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కార్డు ఇచ్చి రావడానికి తమ్ముడుండగా వేరే మనిషెందుకని పట్టకారునే పంపారు.

సీసాలక్కది రెండు గదుల ఇల్లు, ముందు కటకటాల వరండా. వరండాలో ఒక పక్క సన్నటి మడత మంచం, దానిమీద దుప్పటి మడిచి ఉంది. సాయంత్రం ఎండ ఇంకా గోడ మీదే ఉంది. తలుపు తీయడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది. మనిషి సగమైంది. ఇన్నాళ్లకి గుర్తొచ్చానా తమ్ముడూ అని నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా టీ పెట్టింది. పొయ్యి దగ్గరినుంచి కుర్చీకి వచ్చేలోపు రెండుసార్లు గోడ పట్టుకుంది. పట్టకారు లేచి కప్పు అందుకున్నాడు.

కార్డు చదువుకుని మురిసిపోయింది. ఇద్దరూ పాత కబుర్లలో పడ్డారు, అంటే ఆవిడ పడింది. రెండు మాటలు మాట్లాడమన్నారని తెలిసి, ఏం చెప్పాలో అప్పుడే అనుకుంది కూడా. ఆ గదిలో తనని మనిషిలా చూసింది ఒక్కడేనని, వాసన వస్తోందంటే సెలవురోజు వచ్చి సొంత చేతులతో ఫ్యాను పెట్టాడని, అది అందరి ముందూ చెప్పి తీరతానని అంది.

పట్టకారు టీ కప్పు కింద పెట్టాడు.

"అది చెప్పకక్కా," అన్నాడు. "దాని బదులు ఇది చదువు. కాదు, నేనే చదువుతా. చదవడం అయ్యేదాకా నన్ను ఆపకు."

జేబులో కాగితం తీసి చదివాడు. వాన దగ్గర మొదలుపెట్టి, క్లిప్పు, తొడుగు, రంగుడబ్బా, ఇండెంటు, ఫ్యాను, ఆఖరికి మొన్న అబద్ధానికి సాక్షిగా పెట్టిన సంతకం దాకా ఒక్క ముక్క వదలకుండా చదివాడు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, అక్కడ కంఠతా చెప్పాడు. చదవడం అయ్యాక ఆవిడ వైపు చూడలేక కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ తిడుతుంది, తిట్టాలి, చెప్పు తీసుకుని కొట్టినా బాగుండుననుకున్నాడు. తిట్లు తినడానికే వచ్చాడు మరి.

సీసాలక్క తిట్టలేదు. మంచినీళ్లు తాగింది. గ్లాసు పెట్టి అడిగింది.

"ఆ రోజు నేను తడి చేతులతో వచ్చి అడిగాను చూడు. అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"ఫ్యాను సంగతో?"

"అది తెలీదు. మొన్నే తెలిసింది."

ఆవిడ తలూపింది. ఆ మాట నమ్మిందని ముఖంలోనే తెలిసింది. నమ్మినందుకు పట్టకారుకు ఇంకా సిగ్గేసింది. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దగ్గు వస్తే అణుచుకుంది. అతనికి కాదు, తనలో తను చెప్పుకుంటున్నట్టుగా చెప్పడం మొదలుపెట్టింది.

దగ్గు ముదిరిన కొత్తలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లిందట. పని దగ్గర ఆవిర్లు, పొగలు ఏమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగాడట. లేవు డాక్టరు గారూ, నేనూ అదే అనుకుని మా తమ్ముణ్ని అడిగాను, ఏమీ లేదన్నాడు, పైగా ఫ్యాను కూడా ఉందని చెప్పిందట. అయితే ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా అన్నాడట డాక్టరు. భర్త కాలుస్తాడు. ఇంకేం, అదే కారణమన్నాడు డాక్టరు.

"ఆ రోజే ఇంటికొచ్చి మానెయ్యమన్నాను," అంది సీసాలక్క. "మానేశాడు తమ్ముడూ. నెలలోపే మానేశాడు. నేను నమ్మలేదు. దగ్గు తగ్గలేదు కదా, దొంగచాటుగా కాలుస్తున్నావన్నాను. ఒట్టు పెట్టాడు, నమ్మలేదు. చొక్కాలు వాసన చూసేదాన్ని. నా పక్కన పడుకోవద్దు, నన్ను చంపేస్తున్నావు, బయటికి పో అన్నాను. వరండాలో మంచం వేసుకున్నాడు. పదకొండేళ్లు అక్కడే పడుకున్నాడు. చలికాలం కూడా. పోయింది కూడా అక్కడే, నేను తెల్లారి చూసుకున్నాను."

పట్టకారు అక్కా అన్నాడు. తను మోసుకొచ్చింది ఆవిడ ఊపిరి సంగతి ఒక్కటే అనుకున్నాడు. ఈ పదకొండేళ్ల లెక్క తనకి తెలియనే తెలియదు. భార్య మాట విని ఉంటే సీసాలక్కకి ఇది తెలియకుండా పోయేదా, తెలియకపోవడమే మేలా, తెలియనివ్వకపోవడం ఇంకో పాపమా, ఏమీ తేల్చుకోలేకపోయాడు. చేతిలో కాగితం మాత్రం తడిసి మెత్తబడింది.

"నా దగ్గు సంగతి వదిలెయ్," అంది ఆవిడ. "నాకు చెప్పావు, సరే. ఆయనకెవరు చెప్తారు?"

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. వెళ్లి వరండా వైపు తలుపు బార్లా తెరిచింది. బయట మడత మంచం, దుప్పటి, ఖాళీ. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మళ్లీ చదువు. మొదటినుంచీ. అటు తిరిగి చదువు. ఆయనకి కాస్త చెవుడు, గట్టిగా చదువు."

పట్టకారు లేచి నిలబడ్డాడు. మంచం వైపు తిరిగి కాగితం విప్పాడు. మొదటి వాక్యం చదివాడు. వినపడలేదు, ఇంకా గట్టిగా అంది వెనకనుంచి సీసాలక్క. అతను గొంతు పెంచి మళ్లీ వాన దగ్గరినుంచి మొదలుపెట్టాడు.